పెరటి చెట్టు – కత్తిరింపు వేళ: బస్తర్ బాడీ చెప్పే పాఠం



“పెరటి చెట్టు మందుకు రాదు” అని మనకొక సామెత ఉంది. చేతికందేంత దగ్గరలో ఉన్నదాని విలువను మనం గుర్తించమని దాని భావం. ఈనాటి ప్రసంగంలో ఆ పెరటి చెట్టునే పాఠంగా తీసుకుందాం. చెట్టు కొమ్మలను ఎందుకు కత్తిరిస్తారు? ఎప్పుడు కత్తిరించాలి? కొమ్మ మీద సరిగ్గా ఎక్కడ కత్తిరించాలి? పల్లెటూరి ఇంటి చుట్టూ ఏడాది పొడవునా జరిగే పనులకూ ఈ కత్తిరింపుకూ ఉన్న సంబంధం ఏమిటి? ఈ ప్రశ్నలకు సమాధానాలు తెలుసుకోవడానికి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోని బస్తర్ ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకుందాం.

బస్తర్‌నే ఎందుకు ఎంచుకున్నామని మీరు అడగవచ్చు. అక్కడి పల్లెల్లో చెట్టు ఇంటి అలంకారం కాదు. పువ్వు, కాయ, ఆకు, గింజ, లక్క, వంటచెరకు, కంచె కర్ర అన్నీ చెట్టు నుంచే వస్తాయి. అందువల్ల కొమ్మను సరైన వేళకు కత్తిరిస్తే ఆ ఇంటికి ఏం లాభమో, తప్పు వేళకు నరికితే ఏం నష్టమో అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

బస్తర్, బాడీ

ముందుగా ఆ ప్రాంతాన్ని కొంచెం పరిచయం చేసుకుందాం. ఇప్పటి బస్తర్ డివిజన్‌లో బస్తర్, కాంకేర్, కొండగావ్, నారాయణ్‌పూర్, దంతేవాడ, బీజాపూర్, సుక్మా అనే 7 జిల్లాలు ఉన్నాయి. ఒకప్పుడు ఇదంతా ఒకే జిల్లా. విస్తీర్ణంలో అది కేరళ రాష్ట్రం కంటే కాస్త పెద్దది. ముఖ్య పట్టణం జగదల్‌పూర్ సముద్రమట్టానికి సుమారు 550 మీటర్ల ఎత్తున, ఇంద్రావతి నది ఒడ్డున ఉంది. వర్షపాతంలో అత్యధిక భాగం జూన్ నుంచి సెప్టెంబరు వరకు నాలుగు నెలల్లోనే కురుస్తుంది. మిగతా కాలమంతా చెట్టు నేలలో దాచుకున్న తేమ మీద బతకాలి. ఈ విషయాన్ని గుర్తుంచుకోండి. కత్తిరింపు కాలాన్ని నిర్ణయించేది చాలావరకు ఇదే.

తెలుగువారికి బస్తర్ పరాయిది కాదు. 1323లో ఓరుగల్లు పతనమైన తరువాత ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు ఇటు వచ్చి రాజ్యం స్థాపించాడని బస్తర్ రాజవంశ కథనం. దక్షిణాన కోంటా, భోపాలపట్నం ప్రాంతాలలో నేటికీ తెలుగు వినిపిస్తుంది. అక్కడి దొర్లల మాటలో కోయ భాషతో పాటు తెలుగు కూడా కలిసి ఉంటుంది. అక్కడివారు మాట్లాడే గోండీ, కోయ భాషల్లో పండుగను ‘పండుం’ అంటారు. ఆ మాట మన చెవికి కొత్తగా అనిపించదు కదా!

బస్తర్ పల్లెలో ఇంటిని ఆనుకుని, చుట్టూ కంచె ఉన్న జాగాను ‘బాడీ’ అంటారు. మన పెరడు, దొడ్డి అన్న మాటలు దీనికి దగ్గరగా ఉంటాయి. వరి పొలం ఊరికి దూరంగా పల్లంలో ఉండవచ్చు. బాడీ మాత్రం గడప దాటగానే ఉంటుంది. పశువుల పేడ, పొయ్యి బూడిద, ఊడ్చిన ఆకులు ఇందులోనే పడతాయి గనుక ఈ నేల సారవంతంగా ఉంటుంది. తొలకరిలో ఇక్కడ మొక్కజొన్న వేస్తారు. దానితో పాటు చిక్కుడు, బీర, సొర, గుమ్మడి తీగలు పాకుతాయి. హద్దుల వెంబడి మామిడి, చింత, పనస, మునగ, రేగు, సీతాఫలం, ఇప్ప వంటి చెట్లు ఉంటాయి. కొన్ని ఇళ్ల దగ్గర జీలుగు చెట్టు కూడా ఉంటుంది. దానిని అక్కడ ‘సల్ఫీ’ అంటారు. 2019లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం వాగు, పశువు, ఎరువుగుంట, పెరడు అనే నాలుగింటిని కలిపి ‘నర్వా, గరువా, ఘురువా, బాడీ’ పేరుతో ఒక కార్యక్రమాన్ని ప్రారంభించింది. పల్లె బతుకులో పెరటికి ఉన్న స్థానం ఆ పేరులోనే కనిపిస్తుంది.

కొట్టడం వేరు, కత్తిరించడం వేరు

మన మాటల్లో ‘కొమ్మ కొట్టడం’, ‘కొమ్మ కత్తిరించడం’ అనే రెండూ ఉన్నాయి. పైకి ఒకేలా కనిపించినా ఈ రెండూ ఒకటి కాదు. కొట్టేవాడు తనకు కావలసిన కట్టె వైపు చూస్తాడు. కత్తిరించేవాడు చెట్టు మీద మిగలబోయే కొమ్మ వైపు చూస్తాడు. ఈ తేడా అర్థం కావాలంటే చెట్టు లోపల జరిగేది తెలుసుకోవాలి.

ప్రతి కొమ్మ కొసన ఒక మొగ్గ ఉంటుంది. దీనిని అగ్రకోరకం అంటారని మీరు వృక్షశాస్త్రంలో చదివి ఉంటారు. కొమ్మ పొడవునా ఆకుల మొదళ్లలో కూడా చిన్న మొగ్గలు ఉంటాయి. కానీ అవి నిద్రలో ఉంటాయి. కొసన ఉన్న మొగ్గ ఆక్సిన్ అనే హార్మోనును కిందికి పంపుతూ వాటిని అణచి ఉంచుతుంది. దీనినే అగ్రాధిక్యత అంటారు. 1930లలో థీమన్, స్కూగ్ అనే శాస్త్రవేత్తలు చిక్కుడు జాతి మొక్కల కొసలను కోసి, ఆ కోసిన చోట ఆక్సిన్ ఉంచి చూశారు. పక్క మొగ్గలు లేవలేదు. ఆక్సిన్ పెట్టని మొక్కల్లో మాత్రం పక్క మొగ్గలు చిగురించాయి. 2008లో స్ట్రిగోలాక్టోన్లు అనే మరో రకం హార్మోన్లకు కూడా ఇందులో పాత్ర ఉందని తేలింది. 2014లో బఠానీ మొక్కలపై ఆస్ట్రేలియాలో జరిగిన పరిశోధన ఇంకొక సంగతి చెప్పింది. కొస తెగిన వెంటనే, అంతవరకు అటు వెళ్తున్న చక్కెర పక్క మొగ్గలకు అందుతుంది. వాటిని ముందుగా లేపేది ఆ చక్కెరే.

దీని అర్థం ఏమిటి? కత్తిరింపు అంటే చెట్టు దాచుకున్న ఆహారాన్ని మనం కోరిన చోటికి మళ్లించడం. చెట్టు దగ్గర దాచుకున్న ఆహారం ఉన్నప్పుడు, చిగురుకు నీరు, ఎండ అందే రోజులు ముందున్నప్పుడు కత్తిరిస్తే కొత్త కొమ్మలు బలంగా వస్తాయి. అవి లేని వేళ కత్తిరిస్తే ఉన్న ఆకులు పోతాయి, కొత్తవి రావు, చెట్టు నీరసిస్తుంది.

ఇక గాయం సంగతి. మన చర్మానికి గాయమైతే కొత్త చర్మం వచ్చి మానుతుంది. చెట్టుకు అలా మానదు. గాయపడిన కొయ్య గాయపడినట్లే ఉండిపోతుంది. చెట్టు దాని చుట్టూ రసాయనిక గోడలు కట్టి, కుళ్లు లోపలికి పాకకుండా ఆపుతుంది. ఆ పైన కొత్త కొయ్య పెరిగి గాయాన్ని కప్పుతుంది. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షైగో వేల చెట్లను రంపంతో నిలువునా కోసి ఈ విషయాన్ని నిరూపించారు. ఆయన 2006లో మరణించారు. చెట్టు ఈ గోడలు త్వరగా కట్టుకోగలిగే చోట కోయడమే మంచి కత్తిరింపు. ఆ చోటు ఏదో కాసేపట్లో చూద్దాం.

పెరటి పంచాంగం

ఇప్పుడు బస్తర్ బాడీలో ఏడాది పనులను కాలక్రమంలో గమనిద్దాం.

మొదటిది, ఫిబ్రవరి, మార్చి నెలలు. చలి తగ్గి ఆకు రాలే కాలం. సీతాఫలం ఆకు రాల్చి మోడులా నిలబడుతుంది. దీని పూత ఎక్కువగా కొత్త చిగుళ్ల మీద వస్తుంది. కాబట్టి ఈ దశలోనే ఎండు పుల్లలను, ఒకదానికొకటి రాసుకునే కొమ్మలను తీసివేయాలి. కాంకేర్ ప్రాంతం సీతాఫలాలకు పేరు పొందింది.

ఈ రెండు నెలల్లోనే అడవిలో, పొలం గట్ల మీద మరొక ముఖ్యమైన కత్తిరింపు జరుగుతుంది. అది తునికి పొదల కత్తిరింపు. బీడీలు చుట్టే ఆకు ఇదే. పొదలను నేల మట్టానికి కత్తిరిస్తే వేళ్ల నుంచి, మొదళ్ల నుంచి మెత్తని, వెడల్పైన లేత ఆకు వస్తుంది. సుమారు 40 నుంచి 45 రోజులకు అది కోతకు సిద్ధమవుతుంది. 50 ఆకులు ఒక కట్ట. 1000 కట్టలు ఒక ప్రామాణిక సంచి. ఛత్తీస్‌గఢ్‌లో 2024లో సంచికి 5500 రూపాయల చొప్పున చెల్లించారు. అంటే ఒక్కొక్క ఆకుకు 11 పైసలు. ముదిరిన, చిల్లులు పడిన ఆకును కట్టలో చేర్చరు. వేళకు కత్తిరించని పొద మీద ఆకులు ఎన్ని ఉన్నా ఆ ఇంటికి వచ్చేది తక్కువే. కత్తిరింపు తేదీ ఇంటి ఆదాయాన్ని ఎలా నిర్ణయిస్తుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపువ్వు రాలుతుంది. తెల్లవారుజామున రాలిన పువ్వును ఏరుకోవడానికి వీలుగా చెట్టు కింద నేలను శుభ్రం చేస్తారు. ఆకులను ఊడ్చి కుప్పవేస్తే ఇబ్బంది లేదు. కానీ చాలాచోట్ల వాటికి నిప్పు పెడతారు. ఆ నిప్పు పెరటితో ఆగక అడవిలోకి పాకిన సందర్భాలు ఎన్నో. పైగా వేడికి చెట్టు మొదట్లో బెరడు కమిలిపోతుంది. కింద మొలిచిన చిన్న ఇప్ప మొక్కలు మాడిపోతాయి. ఏటా మొక్కలు కాలిపోతూ ఉంటే ముసలి చెట్టు పోయిన తరువాత దాని స్థానంలో నిలిచేదేది? ఇటీవల కొన్నిచోట్ల చెట్టు కింద వల కట్టి పువ్వును పడుతున్నారు. మట్టి అంటని పువ్వుకు మంచి ధర కూడా వస్తుంది. ఊడ్చిన ఆకులు ఎరువుగుంటలోకి చేరితే బాడీకే తిరిగి వస్తాయి.

ఇదే కాలంలో చింతపండు దించుతారు. జగదల్‌పూర్ చింతపండు మార్కెట్ దేశంలోనే పేరున్నది. ఆ తరువాత సారపప్పు కాసే మొర్రి చెట్ల వంతు వస్తుంది. ఎక్కడం కష్టమని కొమ్మలకు కొమ్మలు నరికి కాయ దించే అలవాటు ఈ చెట్లకు చేటు తెస్తోంది. ఈ ఏడు కోసిన కొమ్మ మీద వచ్చే ఏడు కాయ ఉండదన్నది పసిపిల్లలకు కూడా తెలిసిన లెక్క. అయినా చెట్టు ఎవరిదో తేలని చోట, ముందు కోసుకున్నవాడిదే కాయ అయిన చోట, ఆ లెక్క ఎవరూ వేయరు.

రెండవది, ఏప్రిల్, మే నెలలు. ఎండలు ముదురుతాయి. సాయంత్రాలు ఈదురుగాలులు వీస్తాయి. పెంకుటింటి మీదికి వాలిన కొమ్మలను, లోపల బోలుగా ఉన్న వాటిని గాలివానకు ముందే తొలగించాలి. పగిలిన పెంకులు మార్చుకోవడం, వాన నీరు పోయే కాలువ తవ్వుకోవడం, కంచె కట్టుకోవడం కూడా ఈ రోజుల పనులే. కొట్టిన కొమ్మలు, వెదురు తడికలు కంచెకు వాడతారు. వావిలి, అడవి ఆముదం వంటి వాటి కొమ్మలు పాతితే అవే వేళ్లూని జీవకంచె అవుతాయి.

ఇక్కడ ఒక గొలుసును గమనించండి. బాడీ మీద నీడ వేసే కొమ్మలు తీస్తే మొక్కజొన్నకు ఎండ తగులుతుంది. తీసిన కొమ్మలు కంచె అవుతాయి. కంచె ఉంటే పశువులు లోపలికి రావు. జూన్‌లో విత్తిన మొక్కజొన్న ఆగస్టు, సెప్టెంబరులో కండె వేస్తుంది. కొత్త వరి ఇంటికి రాకముందు, పాత ధాన్యం అడుగంటే రోజులవి. వేసవిలో చేసిన ఒక చిన్న పని వానాకాలంలో పిల్లల చేతికి కండెగా అందుతుంది.

రేగు చెట్టు కత్తిరింపుకు కూడా ఇదే సరైన సమయం. ఎండలు ముదిరే నాటికి రేగు ఆకు రాల్చి విశ్రాంతిలో ఉంటుంది. దాని కాపు ఆ ఏడు వచ్చిన కొత్త కొమ్మల మీదే వస్తుంది.

రేగు, మోదుగ, పుసుగు చెట్లకు మరో ప్రయోజనం ఉంది. పుసుగును అక్కడ కుసుమ్ అంటారు. ఈ మూడింటి మీద లక్క పురుగును పెంచుతారు. కాంకేర్ ప్రాంతం ఇందుకు ప్రసిద్ధి. లక్క పురుగు ముదురు బెరడును గుచ్చలేదు. లేత కొమ్మల రసమే దాని ఆహారం. కాబట్టి ముందుగా చెట్టును కత్తిరించి లేత కొమ్మలు వచ్చేలా చేయాలి. మోదుగను ఏప్రిల్‌లో కత్తిరిస్తే ఆరు నెలలకు, అంటే అక్టోబరు, నవంబరు నాటికి పురుగును ఎక్కించడానికి వీలైన కొమ్మలు తయారవుతాయి. పుసుగుకు సుమారు 18 నెలల విరామం కావాలి. అందుకే చెట్లను వంతులుగా విభజించి, ఒక వంతు కత్తిరించి మరో వంతుకు విశ్రాంతి ఇస్తారు.

లక్క పరిశోధన కోసం 1924లో రాంచీ దగ్గర నామ్‌కుమ్‌లో ఒక సంస్థ ఏర్పడింది. ఇప్పుడు అది జాతీయ ద్వితీయ వ్యవసాయ సంస్థగా పనిచేస్తోంది. లక్క చెట్ల విషయంలో పాటించే సూత్రం చాలా సరళమైనది. అర అంగుళం కంటే సన్నని కొమ్మలను మొదలంటా తీయాలి. అర అంగుళం నుంచి అంగుళం దాకా మందం ఉన్నవాటిని ఒక అడుగు, అడుగున్నర మోడు ఉంచి కోయాలి. అంగుళం కంటే లావైన కొమ్మను ముట్టుకోకూడదు. చెట్టు ఎముకల గూడు అలాగే ఉండి, వేలి కొసలు మాత్రమే మారతాయన్నమాట.

మూడవది, జూన్ నుంచి సెప్టెంబరు వరకు వానాకాలం. మామిడి కత్తిరింపు జూన్, జూలై నెలల్లో, కాయ దిగిన వెంటనే చేయాలి. మామిడి పూత బాగా ముదిరిన కొమ్మల కొసలలో వస్తుంది. జూలైలో కత్తిరిస్తే వచ్చిన చిగురు చలికాలానికి ముదిరి పూతకు సిద్ధమవుతుంది. అదే కత్తిరింపు నవంబరులో చేస్తే పూత రావలసిన కొసలనే కోసినట్లవుతుంది. చెట్టు పచ్చగానే ఉంటుంది, కాయ మాత్రం ఉండదు. వానలో తడిసిన గాయానికి శిలీంధ్రాలు త్వరగా పడతాయి గనుక రెండు, మూడు రోజులు వాన తెరిపి ఇచ్చినప్పుడు కోయడం మంచిది.

మామిడి గురించి మరొక మాట. బస్తర్ గోండు సమాజాల్లో ‘మర్కా పండుం’ అనే మామిడి పండుగ ఉంది. మర్కా అంటే మామిడి. ఆ పండుగ జరిగేదాకా కొత్త కాయను తినరు. మొక్కుబడిగా కనిపించే ఈ నియమం వల్ల కాయ ముదరక ముందే కొమ్మలు విరవడం ఆగుతుంది. ఊరంతా ఒకే రోజున మొదలుపెట్టడం వల్ల ముందు కోసుకున్నవాడిదే లాభమనే పోటీ తగ్గుతుంది. మొర్రి చెట్టు విషయంలో లేనిదీ, మామిడి విషయంలో ఉన్నదీ ఈ కట్టుబాటే.

శ్రావణ అమావాస్యనాడు ఛత్తీస్‌గఢ్ అంతటా ‘హరేలీ’ పండుగ. బస్తర్‌లో దీనిని ‘అముస్’ అంటారు. నాగలి, పార, గొడ్డలి, కొడవలి కడిగి పూజిస్తారు. గుమ్మాలకు వేపమండలు గుచ్చుతారు. పొలాల్లో నల్లజీడి కొమ్మలు పాతుతారు. సుమారు 75 రోజులు సాగే బస్తర్ దసరా కూడా ఈ రోజునే, రథం తయారీకి తెచ్చిన దుంగను పూజించే ‘పాట్ జాత్రా’తో మొదలవుతుంది. పనిముట్టును ఏడాదికి ఒకసారైనా శుభ్రంగా కడిగి చూసుకోవడం పూజ మాత్రమే కాదు, జాగ్రత్త కూడా. తుప్పు పట్టిన, మొద్దుబారిన కత్తి కొమ్మను కోయదు, చీలుస్తుంది.

నాలుగవది, అక్టోబరు నుంచి జనవరి వరకు. వరి కోతలు, నూర్పిళ్లు. పెరట్లో మొక్కజొన్న తీసిన చోట ఆవాలు, కూరగాయలు వేస్తారు. చెట్ల పనిలో ఈ కాలానికి చెందినది ముఖ్యంగా ఎండు కొమ్మల తొలగింపు. పచ్చి కొమ్మలను వదిలేయాలి. మునగను కాయ కోత పూర్తయ్యాక నేలకు మూడు, నాలుగు అడుగుల ఎత్తున కోస్తే కొత్త కొమ్మలు చేతికందే ఎత్తులో వస్తాయి.

వీటన్నిటికీ మినహాయింపు ఒకటుంది, జీలుగు చెట్టు. తాటి, ఈత, కొబ్బరి కూడా ఇదే కుటుంబానివి. వీటికి తలలో ఒకే ఒక పెరిగే మొగ్గ ఉంటుంది. పక్క మొగ్గలు లేవు. తల కోస్తే లేవడానికి మరో మొగ్గ లేదు, చెట్టు చనిపోతుంది. కాబట్టి ఎండి వేలాడే మట్టలను మాత్రమే తీయాలి. బస్తర్‌లో జీలుగు కల్లు ఇంటి ఆదాయం, చుట్టానికి చేసే మర్యాద. అటువంటి చెట్టుకు ఒక్క తప్పు కోత చాలు.

కోసే పద్ధతి

ఇప్పుడు కొమ్మను ఎలా కోయాలో చూద్దాం. బస్తర్‌లో మగవారి భుజాన ‘టంగియా’ అనే చిన్న గొడ్డలి తరచుగా కనిపిస్తుంది. అడవిలో దారి చేసుకోవడానికి, కట్టె కొట్టడానికి అది మంచి పనిముట్టు. కాని లావు కొమ్మల కత్తిరింపుకు రంపం మేలు. గొడ్డలి దెబ్బకు గాయం అంచులు చీలిపోయి నీరు నిలుస్తుంది.

కొమ్మ కాండంతో కలిసే చోట కొంచెం ఉబ్బుగా, ఉంగరంలా ఉంటుంది. దీనిని బ్రాంచ్ కాలర్ అంటారు. మనం కొమ్మ కడియం అనుకుందాం. చెట్టు గోడ కట్టుకునే శక్తి ఇక్కడే ఉంటుంది. కడియాన్ని కోసేస్తూ కాండానికి నున్నగా కోయకూడదు. అలాగని జానెడు మోడు వదలకూడదు. ఆ మోడు ఎండి, కుళ్లి, చెదలకు దారి అవుతుంది. కడియానికి సరిగ్గా బయట కోయాలి.

లావు కొమ్మను మూడు కోతల్లో తీయాలి. మొదటి కోత కాండానికి అడుగు దూరంలో, కొమ్మ అడుగు భాగాన, మూడోవంతు లోతు వరకు. రెండవ కోత దానికి కొంచెం అవతల, పై నుంచి కిందికి. దీంతో కొమ్మ బరువు కింద పడిపోతుంది. అడుగున ముందే కోసినందువల్ల బెరడు చీలుకుంటూ కాండం మీదికి రాదు. మూడవ కోతతో మిగిలిన మోడును కడియం బయట తీసేయాలి.

గాయానికి తారు, రంగు పూయడం వల్ల కుళ్లు ఆగదని షైగో పరిశోధనలు చెప్పాయి. వానాకాలంలో శిలీంధ్రాల బెడద ఉన్న పండ్ల చెట్లకు మాత్రం ఉద్యానవన నిపుణులు బోర్డో పేస్టు సిఫార్సు చేస్తారు. ఒక కిలో మైలుతుత్తం, ఒక కిలో సున్నం, పది లీటర్ల నీరు దాని పాళ్లు. ఒకే ఏడాదిలో చెట్టు పచ్చదనంలో నాలుగోవంతుకు మించి తీయకూడదన్నది పెరటి పండ్ల చెట్లకు సాధారణ నియమం. తునికి పొద, మునగ దీనికి మినహాయింపు. మొదలంటా కోసినా తిరిగి లేచే గుణం వాటిది.

“మొక్కై వంగనిది మానై వంగునా” అన్నారు పెద్దలు. మొదటి రెండు, మూడు ఏళ్లలో లేత కొమ్మను వేళ్లతో గిల్లి చెట్టు ఆకారాన్ని దిద్దితే, తరువాత రంపం అవసరం చాలా తగ్గుతుంది.

కోసే ముందు పైకి చూడండి. కొమ్మ మీద గూడు, గూట్లో గుడ్లు ఉంటే ఆ కొమ్మను కొన్ని వారాలు వదిలేయండి. మామిడి, సాల చెట్ల మీద ఆకులను కుట్టి గూడు కట్టే ఎర్రచీమలు ఉంటాయి. బస్తర్ సంతల్లో అమ్మే ‘చాప్డా’ పచ్చడి వీటితోనే చేస్తారు. ఈ చీమలు చెట్టును పాడుచేసే ఎన్నో పురుగులను తింటాయి. కరెంటు తీగల దగ్గరి కొమ్మల జోలికి స్వయంగా పోవద్దు, విద్యుత్ శాఖ వారికి చెప్పాలి. తడిసిన చెట్టు ఎక్కకూడదు. నల్లజీడి పాలు చర్మం మీద పడితే బొబ్బలెక్కుతాయి. ఈ పనులు పెద్దల తోడు లేకుండా చేయకండి.

చెట్టు ఎవరిది?

ఇంతవరకు ఎప్పుడు, ఎక్కడ, ఎలా అన్నవి చూశాం. చివరిగా ఎవరు అన్న ప్రశ్న. కొమ్మ కోయాలో వద్దో నిర్ణయించేది ఎవరు? బస్తర్ చరిత్రలో ఇది చిన్న ప్రశ్న కాదు. 1910లో అక్కడ ‘భూమ్‌కాల్’ తిరుగుబాటు జరిగింది. నేతానార్ గ్రామానికి చెందిన గుండా ధూర్ దాని నాయకుడిగా ప్రసిద్ధుడు. అడవులను రిజర్వు చేసి ప్రజలను వాటికి దూరం చేయడం ఆ తిరుగుబాటుకు ముఖ్య కారణాల్లో ఒకటి. కబురు ఊరూరా చేరింది ఉత్తరాల ద్వారా కాదు, మామిడి కొమ్మలు, మిరపకాయలు, బాణాల ద్వారా.

సొంత భూమిలోని చెట్ల మాట కూడా చూడండి. గిరిజనుల భూముల్లోని విలువైన చెట్లను మాయమాటలు చెప్పి కొనకుండా 1956లోనే మధ్యప్రదేశ్‌లో చట్టం చేశారు. బస్తర్ అప్పుడు ఆ రాష్ట్రంలో భాగం. అయినా 1990లలో దళారులు టేకు వంటి చెట్లను నామమాత్రపు ధరకు కొని పెద్ద ఎత్తున నరికించారు. ‘మాలిక్ మక్బూజా’ వ్యవహారంగా పేరు పడిన ఇది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. తాతల నాటి చెట్లు కొద్ది రోజుల్లో లారీలెక్కాయి. చేతికి వచ్చింది స్వల్పం, అది కూడా ఒక్కసారే. మొదలు నరికిన చెట్టు ఒక్క ధరే పలుకుతుంది. కొమ్మ కత్తిరించిన చెట్టు ఏటా కొంత ఇస్తుంది. ఈ లెక్క ఆ రైతులకు తెలియక కాదు, అవసరంలో ఉన్నవాడికి లెక్క వేసుకునే వ్యవధి దొరకలేదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం తునికాకు, ఇప్పపువ్వు వంటి చిన్నతరహా అటవీ ఉత్పత్తులపై అడవిబిడ్డల హక్కును గుర్తించింది. హక్కు స్థిరంగా ఉన్న చోటే మనిషి వచ్చే ఏటి కాపు గురించి ఆలోచిస్తాడు, చెట్టును కొట్టకుండా కత్తిరిస్తాడు.

సంగ్రహంగా

మిత్రులారా, ఈనాటి ప్రసంగంలోని ముఖ్యాంశాలను మరొకసారి గుర్తు చేసుకుందాం. కత్తిరింపు చెట్టులోని ఆహారాన్ని, హార్మోన్లను కొత్త మొగ్గల వైపు మళ్లిస్తుంది. పూత ఏ కొమ్మ మీద వస్తుందో తెలిస్తే కత్తిరింపు నెల తెలిసినట్లే. కొత్త చిగురు మీద కాసే రేగు, సీతాఫలాలకు చిగురుకు ముందు, ముదిరిన కొసల మీద పూసే మామిడికి కాయ దిగిన వెంటనే. కొమ్మ కడియాన్ని కాపాడాలి. ఊడ్చిన ఆకును కాల్చకుండా ఎరువు చేయాలి. చెట్టు మీద హక్కు, ఊరి కట్టుబాటు ఉన్నచోట చెట్టు నిలుస్తుంది.

మీకొక చిన్న పని. మీ పెరట్లోనో, పాఠశాల ఆవరణలోనో ఒక చెట్టును ఎంచుకోండి. ఏడాది పాటు ఒక నోటు పుస్తకంలో నెలనెలా రాయండి. ఆకు ఎప్పుడు రాలింది? చిగురు ఎప్పుడు వేసింది? పూత పాత కొమ్మ మీద వచ్చిందా, కొత్త కొమ్మ మీద వచ్చిందా? ఎవరైనా కొమ్మ కోశారా? ఆ తరువాత అక్కడ ఏం జరిగింది? ఇంట్లో పెద్దవారిని అడిగి వారి అనుభవాన్ని కూడా పక్కన రాసుకోండి. పన్నెండు నెలల తరువాత ఆ చెట్టుకు ఏ నెలలో రంపం పెట్టాలో, ఏ నెలలో పెట్టకూడదో మీరే చెప్పగలుగుతారు.